ఇంజను ఏమంటున్నది?

మోటారు కారు దేనిమీద నడుస్తుందని అడిగితే మీరు వెంటనే "పెట్రోలుమీద!" అంటారు. కొందరు "డీజిలుమీద" అంటారు. ఆ జవాబులు సగం మాత్రమే సరి. మిగతా సగం గాలి. గాలి ఆడకపోతే పొయ్యిలో మంట ఎట్లా ఆరిపోతుందో, గాలి అందకపోతే ఇంజను కూడా అట్లాగే ఆగిపోతుంది.

ఇంజనుకు ఎంత గాలి కావాలో లెక్క వేసి చూద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఒక చిన్న కారు అంత దూరం పోయేసరికి రెండున్నర లీటర్ల పెట్రోలు ఖర్చయిందనుకోండి. ఆ పెట్రోలు బరువు రెండు కిలోలకు కొంచెం తక్కువ. అంటే కారు పీల్చిన గాలి సుమారు 27 కిలోలన్నమాట! దీన్నే లీటర్లలో చెబితే 23,000 లీటర్లవుతుంది. 15 లీటర్లు పట్టే బిందెతో కొలిస్తే 1,500 బిందెల గాలి!

ఈ గాలంతా ఇంజనులోకి ఒకే ముక్కు గుండా పోవాలి. ఆ ముక్కునే "ఎయిర్ ఇన్‌టేక్" అంటారు. బానెట్ ఎత్తి చూస్తే నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనబడుతుంది. దానిలో మడతలు మడతలుగా కాగితపు ఫిల్టర్ వుంటుంది. గాలి ముందు ఆ డబ్బాలోకి వచ్చి, ఫిల్టర్‌లో వడకట్టుకుని, పైపు గుండా ఇంజనులోకి పోతుంది. దారిలో ఒక చిన్న రేకు తలుపు వుంటుంది. పెట్రోలు కారులో యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ అది తెరుచుకుంటుంది. దాని పేరు థ్రాటిల్.

అయితే, కొందరికి ఈ నల్ల డబ్బా నచ్చదు. "బజారులో ఇంతకన్నా మంచి ఇన్‌టేక్ దొరుకుతుంది. అది బిగిస్తే ఇంజను ధారాళంగా గాలి పీల్చి ఇంకా చురుకుగా నడుస్తుంది," అని ఎవరో చెబుతారు. వెడల్పాటి పైపు, దాని చివర గోపురంలాంటి ఫిల్టర్, నాలుగు క్లాంపులు—ఇవి కలిసి ఒక సెట్టు. పాత డబ్బా తీసేసి దీన్ని బిగిస్తారు.

మీ ఇల్లు కామారెడ్డిలోనూ, మీ మామయ్య ఇల్లు ఎల్లారెడ్డిలోనూ వున్నాయనుకోండి. మామయ్య తన కారుకు అట్లాంటి సెట్టు బిగించుకుని మీ ఇంటికి బయలుదేరాడు. ఊరు దాటి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను ఇదివరకెన్నడూ లేని విధంగా హోరుమన్నది. మీ ఇంటి ముందు కారు ఆగి వున్నప్పుడు ఎక్కడినించో సన్నగా ఈల కూడా వినిపించింది. మామయ్య ముఖంలో సంతోషం పోయి సందేహం ప్రవేశించింది. ఇంజనుకేమన్నా జబ్బు చేసిందా? లేక కొత్త ముక్కుతో వచ్చిన కొత్త గొంతేనా?

మీరిప్పుడు మామయ్యకు సహాయం చెయ్యవచ్చు. అందుకు పానాలూ స్క్రూడ్రైవర్లూ పట్టటం వచ్చి వుండనక్కర్లేదు. చెవులు వుండాలి, క్రమంగా ఆలోచించటం రావాలి. అంతే.

ముందుగా, ముక్కులో శబ్దం ఎందుకు పుడుతుందో తెలుసుకుందాం. జర్మనీ దేశంలో నికొలాస్ ఒట్టో అనే ఆయన 1876లో నాలుగు దశల్లో పని చేసే ఇంజను నిర్మించాడు. ఈనాటి పెట్రోలు కార్ల ఇంజన్లు అదే పద్ధతిలో నడుస్తాయి. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది. పైకి వస్తూ దాన్ని నొక్కుతుంది. మంట దాన్ని కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వచ్చి పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు దశలకూ ఇంజను రెండుసార్లు తిరగాలి. అంటే ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క సిలిండర్ నిమిషానికి 1,500 సార్లు పీలుస్తుంది. నాలుగూ కలిసి 6,000 సార్లు. అంటే సెకండుకు 100 సార్లు! గాలి పైపులో కాలవ నీళ్ళలాగా సాఫీగా పారదు. పీలుస్తూ ఆగుతూ, పీలుస్తూ ఆగుతూ అదురుతుంది. సెకండుకు వందసార్లు అదిరే గాలిని మన చెవి బొంగురు శబ్దంగా వింటుంది. మగవాళ్ళ మాట కూడా ఇంచుమించు ఈ స్థాయిలోనే వుంటుంది.

మరి పాత డబ్బా వున్నప్పుడు ఈ హోరు ఏమయింది? అప్పుడూ వుంది. కాని డబ్బా దాన్ని మింగేసేది. ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే "బూ" మని ఒకే శబ్దం వస్తుంది కదా? సీసా లోపలి గాలికి తనదంటూ ఒక స్థాయి వుంటుంది. సగం నీళ్ళు పోసి ఊదితే శబ్దం సన్నబడుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894) ఇట్లాంటి బోలు పాత్రల గుణాన్ని బాగా పరిశోధించాడు. కార్లు తయారుచేసేవాళ్ళు గాలి పైపుకు పక్కన అట్లాంటి బోలు గదిని అతికిస్తారు. ఏ స్థాయి శబ్దం చెవికి బాధగా వుంటుందో, ఆ స్థాయికి సరిపడేలా గది కొలత నిర్ణయిస్తారు. ఆ శబ్దం వచ్చినప్పుడు గదిలోని గాలి దానికి ఎదురుగా అదిరి, దాన్ని అణిచేస్తుంది.

గనక, తొక్కినప్పుడు హోరు పెరిగి, కాలు తీస్తే తగ్గిపోయి, ఇంజను బలంలో తేడా ఏమీ లేకపోతే అది జబ్బు కాదు. తలుపు తీసినందువల్ల బయటికి వినిపిస్తున్న పాత మాటే. టర్బో వున్న డీజిలు కారులో సన్నని ఈల కూడా ఇట్లాగే బయటపడవచ్చు. టర్బోలోని చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. దాని ఈలను కూడా పాత డబ్బా కప్పిపెట్టేది.

అయితే అన్ని శబ్దాలూ ఇట్లాంటివి కావు. ఒక్కొక్కటే చూద్దాం.

కారు ఆగి వుండి, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు "సుయ్" మనే శబ్దం వస్తే అది లెక్క చెయ్యవలసిన విషయం. అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి వుంటుంది. దాని వెనక భాగంలో ఇంజను గట్టిగా పీలుస్తూ వుంటుంది. అక్కడికి కలిసే సన్నని రబ్బరు గొట్టాలు కొన్ని వుంటాయి. పాత డబ్బా ఊడదీసేటప్పుడు చెయ్యి తగిలి వాటిలో ఒకటి ఊడినా, చీలినా, ఆ కంత గుండా దొంగ గాలి లోపలికి జొరబడుతుంది. ఇంజను తిరిగే వేగం నిలకడగా వుండదు. ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది.

ఆగి వున్నప్పుడు ఏమీ వినిపించక, తొక్కినప్పుడే ఈల వస్తే కంత థ్రాటిల్‌కు ముందు, అంటే కొత్త పైపు అతుకుల్లో వుండవచ్చు. క్లాంపు సరిగా బిగియకపోతే సన్నని సందు గుండా గాలి దూసుకువచ్చి, పిల్లనగ్రోవిలో లాగా పాడుతుంది. వినటానికి బాగానే వుంటుంది గాని, ఆ సందు ఫిల్టర్ తరవాత వుంది, చూశారా! అక్కడ వచ్చే గాలి వడకట్టని గాలి. అంతేకాదు, కొన్ని కార్లలో ఫిల్టర్ దాటగానే గాలిని కొలిచే సెన్సర్ వుంటుంది. ఎంత గాలి వచ్చిందో అది కారులోని కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఆ లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. సెన్సర్ దాటిన తరవాత జొరబడిన గాలి లెక్కలోకి రాదు. గాలి ఎక్కువా, పెట్రోలు తక్కువా అయిపోతాయి. అప్పుడు డ్రైవరు ముందున్న మీటర్లలో ఇంజను బొమ్మ దీపం వెలగవచ్చు.

ఎత్తు ఎక్కేటప్పుడు, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు టకటకమని శబ్దం వస్తే ఇంకా జాగ్రత్తగా వుండాలి. దీన్ని మెకానిక్కులు "నాకింగ్" అంటారు. సిలిండర్‌లో మంట క్రమంగా పాకక, మిగిలిన పెట్రోలు గాలి ఒక్కసారిగా పేలిపోతున్నదన్నమాట. పెట్రోలు తక్కువయినా, పీల్చే గాలి మరీ వేడిగా వున్నా ఇట్లా జరగవచ్చు. కొత్త ఫిల్టర్‌ను ఇంజను పక్కనే ఏ అడ్డూ లేకుండా పెడితే అది బానెట్ కింది వేడిగాలినే పీలుస్తుంది. మే నెల ఎండలో ఆ గాలి ఎంత వేడెక్కుతుందో ఊహించండి! ఈ శబ్దం వింటే గట్టిగా తొక్కటం మానేసి, వెంటనే కారును షెడ్డుకు చేర్చాలి. లేకపోతే పిస్టన్లు దెబ్బతింటాయి.

గుంతల్లో పడ్డప్పుడు, లేదా ఏదో ఒక వేగంలో మాత్రమే దడదడమంటే పైపు ఎక్కడో రేకుకు తగులుతున్నది. ఇది చిన్న విషయమే. కాని తగిలి తగిలి పైపు అరిగి కంత పడేలోగా సరిచెయ్యాలి. డీజిలు కారులో ఈల బాగా పెరిగి, బలం తగ్గి, నల్లటి పొగ కూడా వస్తున్నదంటే టర్బో దాటిన తరవాతి గొట్టం ఊడినట్టో, చిట్లినట్టో అనుమానించాలి.

ఇన్ని రకాలున్నాయి గదా, అసలు కారణం కనుక్కోవటం ఎట్లా?

"కాకతాళీయం" అనే మాట మీరు వినే వుంటారు. కాకి తాటిచెట్టు మీద వాలిందట. అదే క్షణంలో తాటిపండు రాలిందట. చూసినవాళ్ళు కాకి బరువుకే పండు పడిందనుకున్నారట. పండు ముగ్గి, దానంతటదే రాలిందని వాళ్ళకు తోచలేదు. ఇన్‌టేక్ మార్చిన మర్నాడు శబ్దం వచ్చింది గనక ఇన్‌టేకే కారణమనటం కూడా ఇట్లాంటిదే కావచ్చు. ఫ్యాన్ బెల్టు అరిగి కీచుమనే రోజు అదే అయివుండవచ్చు. కాకి వాలటం వల్ల పండు పడిందో లేదో తేలాలంటే ఒకటే మార్గం—కాకిని లేపి మళ్ళీ చూడటం.

కారు విషయంలో కాకిని లేపటమంటే పాత డబ్బాను మళ్ళీ బిగించటమే. మిగతావి ఏవీ కదిలించకుండా పాత డబ్బా, పాత ఫిల్టర్ బిగించి, అదే రోడ్డు మీద, అదే వేగంలో నడపాలి. శబ్దం పోతే కారణం కొత్త సెట్టులో వుంది. పోకపోతే కారణం వేరెక్కడో వుంది. ఒకే రోజు ఇన్‌టేకూ, ఇంజను ఆయిలూ, ప్లగ్గులూ మార్చినవాడు ఏమీ కనుక్కోలేడు. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చిన తరవాత వినాలి, విన్నది రాసిపెట్టుకోవాలి. ఈ పని మీకు అప్పగించమని మామయ్యనడగండి. శబ్దం ఎప్పుడు వచ్చింది? ఇంజను చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకనా? ఆగి వున్నప్పుడా, తొక్కినప్పుడా, కాలు తీసినప్పుడా? ఈ సంగతులన్నీ కాగితం మీద వుంటే మెకానిక్ పని సగం అయిపోయినట్టే.

శబ్దం ఏ మూల నుంచి వస్తున్నదో కనిపెట్టటానికి ఒక చక్కని ఉపాయం వుంది. 1816లో పారిస్‌లో రెనె లెనెక్ అనే వైద్యుడు ఒక రోగి గుండె చప్పుడు వినటానికి కాగితాన్ని గొట్టంలాగా చుట్టి, ఒక కొసను రోగి ఛాతీ మీద పెట్టి, రెండో కొస దగ్గర చెవి పెట్టాడు. చప్పుడు స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోప్ పుట్టింది ఆ విధంగానే. మెకానిక్ కూడా ఒక గజం రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఒక్కొక్క అతుకు దగ్గరికీ తీసుకుపోతాడు. కంత వున్న చోట "సుయ్" మనేది పెద్దగా వినిపిస్తుంది. పెద్ద షెడ్లలో పైపులోకి మెల్లగా పొగ పంపి, ఎక్కడ బయటికి వస్తుందో చూస్తారు.

ఇంజను నడుస్తుండగా పిల్లలు బానెట్‌లో చెయ్యి పెట్టరాదు. ఫ్యానూ, బెల్టూ కనురెప్పపాటులో చెయ్యి లాగేస్తాయి. కంత కనుక్కోవటానికి మండే ద్రవాలు చల్లే అలవాటు కొందరికి వుంది. వేడి ఇంజను మీద అది నిప్పుతో చెలగాటమే. మీరు దూరంగా నిలబడి వినండి, రాయండి. చెయ్యి పెట్టే పని పెద్దలది.

ఇంతవరకూ శబ్దం చేసే జబ్బులను గురించి చెప్పుకున్నాం. అన్నిటికన్నా చెడ్డ జబ్బు అసలు శబ్దమే చెయ్యదు. దాని పేరు దుమ్ము.

వరికోతల కాలంలో ఎల్లారెడ్డి వైపు పొలాల పక్కగా పోయి చూడండి. కోత యంత్రాల వెనక పొట్టూ, దుమ్మూ మబ్బులాగా లేస్తాయి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఇంజనుకు హాని చేసే రేణువులు 10, 20 మైక్రాన్లు మాత్రమే వుంటాయి. విడిగా కంటికి కనబడవు. వాటిలో ఇసుక రేణువు ఇనుముకన్న గట్టిది. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య వుండే ఆయిల్ పొర చాలా పలచన. అక్కడ చేరిన రేణువులు గరుకు కాగితంలాగా గోడను గీస్తాయి. ఏ ఈలా రాదు, ఏ టకటకా రాదు. కొన్నాళ్ళకు ఇంజను ఆయిల్ తాగటం, నీలం పొగ వదలటం మొదలుపెడుతుంది. అప్పటికి మించిపోతుంది.

దీన్ని చెవితో కనిపెట్టలేం గాని, కంటితో కనిపెట్టవచ్చు. కొత్త ఇన్‌టేక్ బిగించిన వారం తరవాత, ఇంజను ఆపి, చల్లారాక, ఫిల్టర్ తీసి, పైపు లోపలి గోడను తెల్లటి గుడ్డతో తుడవమని మామయ్యకు చెప్పండి. సెన్సర్‌కు మాత్రం గుడ్డ తగలరాదు. గుడ్డ తెల్లగానే వుంటే ఫిల్టర్ బాగా పని చేస్తున్నది. మట్టిరంగు అంటుకుంటే అది ఇంజను కడుపులోకి పోతున్న మట్టి. క్లాంపు అయినా వదులుగా వుంది, ఫిల్టర్ అయినా సరైనది కాదు. నూనె పూసే రకం ఫిల్టర్ అయితే నూనె మరీ ఎక్కువయినా కష్టమే. అది ఎగిరి గాలిని కొలిచే సెన్సర్ తీగకు అంటుకుని లెక్క తప్పిస్తుంది.

దుమ్ములాగే నీరు కూడా చప్పుడు లేని శత్రువు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో విపరీతమైన వాన కురిసి రోడ్లూ, రైలు కట్టా తెగిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుంటుంది. కొన్ని కొత్త ఇన్‌టేకుల్లో చల్లగాలి కోసమని ఫిల్టర్‌ను కిందుగా, చక్రం పక్కన పెడతారు. రోడ్డుమీద నీరు పారుతుంటే ఆ ముక్కు గాలికి బదులు నీరు పీలుస్తుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. పైకి వచ్చే పిస్టన్ నీటికి కొట్టుకుని, దాన్ని పట్టుకున్న ఇనుప కడ్డీ వంగిపోతుంది. నీళ్ళలో ఆగిన కారును మళ్ళీ స్టార్ట్ చెయ్యరాదనటానికి ఇదే కారణం. అసలు, పారే నీటిలోకి కారు దించనే రాదు.

చట్టం సంగతి కూడా వుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్, తయారుచేసినవాళ్ళు నిర్ణయించిన లక్షణాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. గనక ఏ మార్పు అయినా చెయ్యబోయే ముందే కనుక్కోవటం మంచిది. ఊడదీసిన పాత డబ్బాను పాత ఇనుముకు అమ్మెయ్యకుండా దాచివుంచటం మరీ మంచిది. కాకిని లేపి చూడటానికి అదే గదా ఆధారం!

ఇప్పుడు మామయ్య కారు విషయం తేల్చవచ్చు. తొక్కినప్పుడు వచ్చిన హోరు పెద్దదే అయినా, దానివల్ల హాని లేదు. ఆగి వున్నప్పుడు వచ్చిన సన్నని ఈల చిన్నదే అయినా, దాని సంగతి చూడకుండా కారు తిరిగి ఎల్లారెడ్డి బయలుదేరరాదు. ఇక అసలు వినిపించని దుమ్మును తెల్లగుడ్డ పట్టి ఇవ్వాలి. గట్టిగా అరిచేదల్లా ప్రమాదం కాదు; చప్పుడు చెయ్యనిదల్లా క్షేమమూ కాదు.

ఈ రాత్రి ఒక ఖాళీ సీసా తీసుకుని మూతి మీద ఊది చూడండి. తరవాత కొంచెం నీళ్ళు పోసి ఊదండి. మళ్ళీ కొంచెం పోసి ఊదండి. ప్రతిసారీ నీళ్ళు ఒక్కటే మారాలి. సీసా మారరాదు, ఊదే విధానం మారరాదు. శబ్దంలో వచ్చిన తేడా నీళ్ళవల్లనే వచ్చిందని మీరు గట్టిగా చెప్పగలిగితే, పెద్ద మెకానిక్కు కావలసిన మొదటి పాఠం మీకు వచ్చినట్టే.